పద్మద్వీపం మునక

మా చిన్నకొట్టాల జిల్లా పరిషత్ హైస్కూలు మైదానంలో మూడు నెలల పాటు ఒక ద్వీపం ఉండేది. అది పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను, నోరు మూసుకుని ఉన్నాను. అందుకని దాని చరిత్ర రాసే బాధ్యత కూడా నాదే అనుకుంటున్నాను. నేను ఆ బడిలో సోషల్ టీచర్ని.

జూలైలో ఒక సర్క్యులర్ వచ్చింది. నలభై రెండు పేజీలు. విషయం: 'అంతర్జాతీయ క్రీడల ద్వారా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల విద్యార్థులకు ప్రపంచ భూగోళము మరియు ప్రాచీన గ్రీకు వారసత్వముల సమ్మిళిత బోధన'. పేరు మరీ పొడుగైందని వాళ్లకే అనిపించినట్టుంది, 'క్రీభూగ్రీ' అని కుదించారు. ఆ నెలాఖరుకల్లా మా జిల్లాలో క్రీభూగ్రీ గోడ పత్రికలు, క్రీభూగ్రీ వాట్సాప్ గ్రూపు, క్రీభూగ్రీ ప్రతిజ్ఞ అన్నీ వచ్చేశాయి.

ఆలోచన మంచిదే. చెడ్డదైతే ఇంత నష్టం జరిగేది కాదు, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

మొదటి వారం నేను ముచ్చటపడి పాఠం చెప్పాను. ఎనిమిదో తరగతి గోడకు ప్రపంచ పటం తగిలించి, దూరపు పరుగుల్లో కెన్యా వాళ్లు ఎందుకంత ముందుంటారో, వాళ్లలో చాలామంది పెరిగే పీఠభూమి ఎంత ఎత్తులో ఉంటుందో, అక్కడ గాలి ఎందుకు పలచగా ఉంటుందో చెప్పాను. వన్నూరమ్మ లేచి వచ్చి కెన్యా మీద వేలు పెట్టి చూసింది. వాళ్ల నాయన గొర్రెలు మేపుతాడు. గుట్టల మీద గొర్రెల వెంట తిరిగి తిరిగి ఆ పిల్ల కాళ్లకు పరుగు తప్ప వేరే నడక రాదు.

"మనది గూడా గుట్టే కదా మేడం. మన ఊర్లో గాలి పలచన కాదా?" అంది.

మన గుట్ట ఎత్తెంతో, వాళ్ల గుట్ట ఎత్తెంతో అట్లాసు తీసి ఇద్దరం లెక్క చూశాం. ఆ పిల్ల అట్లాసు ఇంటికి పట్టుకుపోయింది. మర్నాడు మారథాన్ కథ చెప్పాను. యుద్ధం గెలిచిన సంగతి చెప్పడానికి ఒక గ్రీకు సిపాయి మారథాన్ నుంచి ఏథెన్సు దాకా పరిగెత్తాడని, 'గెలిచాం' అని ఒక్క మాట చెప్పి కుప్పకూలి చనిపోయాడని కథగా చెప్పుకుంటారు. పిల్లలు గమ్మున విన్నారు. వన్నూరమ్మ మాత్రం చెయ్యెత్తింది.

"వానికి ఎవురూ నీళ్లియ్యలేదా మేడం?"

ఇరవై ఏళ్లుగా ఆ కథ చెబుతున్నాను. నాకెప్పుడూ ఆ సందేహం రాలేదు. తెలియదని చెప్పాను.

క్రీభూగ్రీ కింద మా బడిలో పాఠం జరిగింది ఆ రెండు రోజులే. మూడో రోజు రెండో సర్క్యులర్ వచ్చింది.

అందులో ఉన్న సూత్రం ఇది: 'జ్ఞానానంతరమే చలనం'. అంటే, ఏ ఆటైనా ఆడేముందు విద్యార్థికి ఆ ఆట పుట్టుక, దాని భూగోళం, దానిపై గ్రీకు ప్రభావం పూర్తిగా తెలిసి ఉండాలి. తెలిసినట్టు పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుంటే 'చలన అర్హతా పత్రం' ఇస్తారు. పత్రం లేని విద్యార్థి పాఠశాల ఆవరణలో నడకకు మించిన వేగంతో కదలరాదు. పత్రం ఉన్నవాళ్లే నవంబరులో జరిగే జిల్లా క్రీడోత్సవానికి అర్హులు.

మా పీఈటీ పెన్నోబులేసు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఆయన ఆ ఏడాది క్రీడోత్సవం మీద పెద్ద ఆశే పెట్టుకున్నాడు. మూడు కిలోమీటర్ల పరుగులో మొదటి ముగ్గురికి క్రీడా పాఠశాలలో సీటు ఇస్తారు. తిండి, బట్టలు, చదువు, బూట్లు అన్నీ వాళ్లవే. వన్నూరమ్మకు ఆ సీటు రావాలని ఆయన ఏడాదిగా పొద్దున్నే ఆరింటికి స్టాప్‌వాచీ పట్టుకుని గ్రౌండులో నిలబడుతున్నాడు. పదో తరగతి కాకముందే ఆ పిల్లకు పెళ్లి చేసేయాలని చూస్తున్న వాళ్ల నాయనతో కూడా సీటొస్తే పంపుతానని మాట తీసుకున్నాడు.

"అయితే ఆటల పీరియడ్‌లో ఆడిపించకూడదా సార్?" అని హెడ్మాస్టరును అడిగాడు.

మా హెడ్మాస్టరు కుళ్లాయప్ప సారు సర్వీసు రూల్సులో దిట్ట. చుట్టుపక్కల నాలుగు మండలాల టీచర్లు ఇంక్రిమెంట్ల తగాదాలుంటే ఆయన దగ్గరికే వస్తారు. రెండేళ్లలో రిటైర్ కాబోతున్నాడు. "ఆడిపించొద్దు అని యాడా ల్యాదప్పా," అన్నాడు. "తెలుసుకొని ఆడమన్నారు. తెలుసుకునే దాంకా గమ్మునుండమన్నారు, అంతే." స్టాప్‌వాచీ బీరువాలోకి పోయింది.

మూడో సర్క్యులర్‌తో మైదానమూ పోయింది. ప్రతి పాఠశాల తన ఆట స్థలంలో గ్రీసు దేశ పటాన్ని 'స్థలం అనుమతించినంత భారీగా' గీసి, పైనుంచి ఫోటో తీసి పంపాలి. పటం చెదిరిపోకుండా కాపాడటం ప్రధానోపాధ్యాయుల వ్యక్తిగత బాధ్యత.

పెన్నోబులేసు జీవితమంతా సున్నంతో తిన్నని గీతలు గీసినవాడు. గ్రీసు తీరంలో తిన్నని గీత ఒక్కటి కూడా లేదు. దానికి తోడు ద్వీపాలు. రెండు రోజులు వంగి గీసి, మూడో రోజు నడుం పట్టుకుని కూర్చున్నాడు. "మేడం, ఈ దేశం పగిలిపోయిన కుండ మాదిరుంది. నా వల్ల కాదు" అన్నాడు.

అప్పుడు మధ్యాహ్న భోజనం వండే సుంకమ్మను పిలిచారు. మా ఊళ్లో ముగ్గుకు సుంకమ్మ తర్వాతే ఎవరైనా. నేను అట్లాసు పట్టుకుని పక్కన నడుస్తుంటే ఆమె పిడికిట్లోంచి సున్నం జార్చుకుంటూ మూడు గంటల్లో దేశం పూర్తి చేసింది. సముద్రానికి నీలం రంగు చల్లింది. ఏజియన్ సముద్రం మధ్యలో కొంచెం ఖాళీ మిగిలింది. నేను నీళ్లు తాగడానికి స్టాఫ్ రూములోకి వెళ్లి వచ్చేసరికి, ఆ ఖాళీలో ఎనిమిది రేకల పద్మం వేసి ఉంది. మధ్యలో పసుపు బొట్టు కూడా పెట్టింది.

"ఇదేందమ్మా సుంకమ్మా?"

"అంత బోడిగా ఇడిస్తే బాగుండదు మేడం. నడిమధ్యలో పద్మం ల్యాకుంటే అదేం ముగ్గు?"

చెరిపిద్దామనుకున్నాను. చెరపాలంటే సముద్రం తొక్కుకుంటూ పోవాలి, నీలం రంగు అయిపోయింది. రేపు చూద్దాంలే అనుకున్నాను. రేపు తనిఖీ వచ్చింది.

క్రీభూగ్రీ రాష్ట్ర సమన్వయకర్త చక్రపాణి గారు మూడు కార్లతో వచ్చారు. ప్రాచీన గ్రీకు విజేతలకు పెట్టే ఆలివ్ ఆకులు ఇక్కడ దొరకవు కాబట్టి కానుగాకులతో కిరీటం కట్టి ఆయనకు పెట్టాం. ఆయన మమ్మల్ని వెంటబెట్టుకుని బడి మేడ మీదికెక్కి పటమంతా కలియజూశారు. తర్వాత వేలు చూపించారు.

"ఆ నడుమనున్నది ఏ ద్వీపము?"

కుళ్లాయప్ప సారు ముప్పై నాలుగేళ్ల సర్వీసులో పైఅధికారి ముందు 'తెలియదు' అన్న మాట వాడలేదు. అందుకే ఆయన సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరా లేదు. "పద్మద్వీపం సార్" అన్నాడు.

"పద్మద్వీపము!" చక్రపాణి గారు కళ్లు మూసుకున్నారు. "గ్రీకు జలములలో భారతీయ పద్మము. ప్రాచీన నాగరికతల పరస్పర ఆదానప్రదానములకు ఇంతకన్నా నిదర్శనం ఏమి కావలెను? ఇది మాడ్యూలులో ఏల లేదు?"

నేను నోరు తెరిచాను. కుళ్లాయప్ప సారు నా వైపు ఒక చూపు చూశాడు. అది కోపం చూపు కాదు, బతిమాలే చూపు. నోరు మూశాను. అప్పుడు నేను మాట్లాడి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పది రోజుల్లో పద్మద్వీపం మాడ్యూలులోకి, అంటే క్రీభూగ్రీ పాఠాల పుస్తకంలోకి ఎక్కింది. మా పటం రాష్ట్ర నమూనా పటమైంది. ఎనిమిది రేకలు లేని పటాలు గీసిన పాఠశాలలకు మెమోలు వెళ్లాయి. పక్క మండలంలో ఒక సైన్సు మాస్టారు పద్మద్వీపపు వాతావరణం మీద ప్రాజెక్టు చేయించి ఉత్తమ ఉపాధ్యాయ అవార్డుకు దరఖాస్తు కూడా పెట్టుకున్నాడు. మా బడిలో మాత్రం పిల్లలు గోడ వెంబడి వరుసగా, నడకకు మించని వేగంతో నడిచి తరగతులకు వెళ్లేవాళ్లు. ఆటల పీరియడ్‌లో పటం గట్టున కూర్చుని పరుగు నిర్వచనం వల్లె వేసేవాళ్లు: 'రెండు పాదములు ఏకకాలమున భూమిని వీడు చలనమే పరుగు'. వన్నూరమ్మ ఆ మాట చెప్పేటప్పుడు తన పాదాల వంక చూసుకునేది.

అక్టోబరులో అర్హతా పరీక్ష పెట్టారు. యాభై ప్రశ్నలు. వన్నూరమ్మ నలభై తొమ్మిదింటికి సరిగ్గా రాసింది. ఒలింపియా ఎక్కడుందో, స్పార్టా ఎక్కడుందో, ఏథెన్సుకు మారథాన్ ఎంత దూరమో అన్నీ రాసింది. ముప్పై ఏడో ప్రశ్న: 'పద్మద్వీపము ఎచ్చట కలదు?' దానికి ఆ పిల్ల రాసిన జవాబు: 'గ్రీసులో లేదు. మా బడి గ్రౌండులో ఉంది.'

తొంభై ఎనిమిది మార్కులు. చలన అర్హతా పత్రం నిరాకరించడమైనది.

పెన్నోబులేసు కాగితం నా బల్ల మీద పెట్టి, నా ముఖం చూడకుండా నిలబడ్డాడు. ఆయన పక్కన వన్నూరమ్మ నన్నే చూస్తోంది.

"ఏం రాయమంటారు మేడం? మీరిచ్చిన అట్లాసు మొత్తం ఎతికినా. ల్యాదు."

"లేదు, నిజమే" అన్నాను.

"మరి తప్పెందుకైతాది?"

నాకు జవాబు తెలుసు. మేడ మీద నేను నోరు మూసుకున్నాను కాబట్టి తప్పవుతుంది. అది ఆ పిల్లకు చెప్పడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

మర్నాడు పొద్దున ప్రార్థనకు మూడు వందల మంది పిల్లలు గట్టు మీద వరుసల్లో నిలబడ్డారు. ప్రతిజ్ఞ మధ్యలో ఉండగా వన్నూరమ్మ చెప్పులు విడిచి, వరుసలోంచి బయటికి వచ్చి, గ్రీసులోకి దిగింది.

పరిగెత్తింది. ఉత్తరపు కొండలు దాటి, ఏథెన్సు మీదుగా సముద్రంలోకి దిగి, ద్వీపాల మధ్య నుంచి చుట్టు తిరిగి మళ్లీ కొండల్లోకి వచ్చింది. రెండో చుట్టుకు కాళ్లు మోకాళ్ల దాకా నీలమయ్యాయి. కుళ్లాయప్ప సారు గట్టున నిలబడి "రేయ్ పెన్నోబులేసూ, పట్టుకో ఆ పాపను!" అని అరుస్తున్నాడు.

"దిగితే నేనూ తొక్కినట్లే కదా సార్," అన్నాడు పెన్నోబులేసు, చేతులు కట్టుకుని. "పటం చెదరకూడదని మీరే సంతకం పెట్టిస్తిరి."

కుళ్లాయప్ప సారు ఒక కాలు ముందుకు పెట్టి, కింద క్రీటు ద్వీపం చూసి వెనక్కి తీసుకున్నాడు. రూలు ప్రకారం ఆ పిల్లను ఆపగలిగిన మనిషి ఆ మండలంలో లేడు. పిల్లలు ప్రతిజ్ఞ మానేసి కేకలు పెట్టారు. ఏడు చుట్లు తిరిగింది. ఆగేసరికి దేశమైతే కాస్తో కూస్తో మిగిలింది గానీ, ప్రతి చుట్టుకూ అడ్డమొచ్చిన పద్మం మాత్రం ఒక్క రేక లేకుండా పోయింది.

వన్నూరమ్మ వచ్చి చెప్పులు వేసుకుని వరుసలో నిలబడింది. కుళ్లాయప్ప సారు తిట్టలేదు. ఆయన ఆలోచన అప్పటికే ఫైలు మీదికి పోయింది. పటం చెదిరితే ఆయన వ్యక్తిగత బాధ్యత.

ఆ మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచి తాను రాసిన నివేదిక చదివి వినిపించాడు: 'ది. 29న ఉదయం 9.10 గంటలకు ఏజియన్ సముద్ర ప్రాంతమున సంభవించిన ఆకస్మిక చలనము కారణముగా పద్మద్వీపము పూర్తిగా మునిగిపోయినదని తెలియజేయడమైనది. ప్రాణనష్టము లేదు.'

"ఇది పంపుతారా సార్?"

"యాల పంపకూడదమ్మా? పాప తొక్కిందంటే నాకు మెమో, పాపకు టీసీ. మునిగిపాయనంటే ఎవురి తప్పూ ల్యాదు."

చక్రపాణి గారి ఆఫీసు రెండు రోజుల్లో బదులిచ్చింది. ద్వీపం మునక పట్ల విచారం వ్యక్తం చేసింది. ఇకపై 'పద్మద్వీపము లేదు' అన్నదే సరైన సమాధానమని జవాబుల పత్రం సవరించింది. నేను ఆ కాగితం పట్టుకుని దాదాపు పరుగున హెడ్మాస్టరు గదికి వెళ్లాను. నాకూ అర్హతా పత్రం లేదన్న సంగతి గుర్తు రాలేదు. "సార్, అయితే వన్నూరమ్మ రాసింది కరెక్టే కదా!"

ఆయన కాగితం చివరి పేరా చూపించాడు. 'మునక తేదీకి ముందు వ్రాసిన సమాధానములకు ఈ సవరణ వర్తించదు.' వన్నూరమ్మ పరీక్ష రాసిన రోజుకు ద్వీపం ఇంకా ఉన్నట్టే లెక్క.

నేను కుర్చీలో కూలబడ్డాను. క్రీడోత్సవం ఇంకో ఆరు రోజులుంది. కుళ్లాయప్ప సారు మాత్రం కళ్లజోడు తుడుచుకుని పెన్ను తీశాడు. అప్పుడాయన ముఖంలో కనిపించిన వెలుగు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆయనకు చేతనైన పని అప్పుడు దొరికింది.

"పీఆర్సీ ఎప్పుడిస్తారు, ఎప్పటి నుంచి వర్తిస్తాదమ్మా?" అన్నాడు. "ఇచ్చేది ఇప్పుడు, వర్తించేది రెండేండ్ల ఎనకనుంచి. జీతం ఎనక్కి పోతే ద్వీపం పోదా? మునక గూడా ఎనకటి తేదీ నుంచి ఇయ్యమని రాస్తా. పూర్వపు ఉత్తర్వులు నాలుగు చూపిస్తా, కాదని ఎట్లంటాడో చూస్తా."

పదకొండు పేజీలు రాశాడు. నాలుగు జీవోలు, రెండు కోర్టు తీర్పులు ఉటంకించాడు. కాగితం తానే పట్టుకుని బస్సెక్కి రాజధానికి వెళ్లి, రెండు రోజులు వరండాలో కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్లలో ఒక విద్యార్థి కోసం ఆయన ఊరు దాటడం అదే మొదలు. తెచ్చిన ఉత్తర్వు నా దగ్గర ఇప్పటికీ ఉంది: 'పద్మద్వీపపు మునకకు జూన్ ఒకటి నుంచి పూర్వవర్తింపు కల్పించడమైనది. సదరు విద్యార్థిని వ్రాసిన మొదటి వాక్యము సరైనదిగాను, రెండవ వాక్యము పరీక్షా పరిధికి వెలుపలిదిగాను పరిగణించబడును.'

పెన్నోబులేసు బీరువా తాళం తీసి స్టాప్‌వాచీ బయటికి తీశాడు.

జిల్లా క్రీడోత్సవానికి వన్నూరమ్మను నేనే తీసుకెళ్లాను. బస్సులో ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుని కాళ్లు ఊపుతూనే ఉంది. స్టేడియం గేటు దాటి లోపలికి వెళ్లగానే ఆ కాళ్లు ఆగిపోయాయి.

మైదానం అంతా గ్రీసు. ట్రాక్ మీదుగా సముద్రం పారుతోంది. చుట్టూ తాళ్లు కట్టి, 'తొక్కరాదు' అని బోర్డులు పెట్టారు. షామియానా కింద మూడు వందల బల్లలు వేసి ఉన్నాయి. మైకులో చక్రపాణి గారి గొంతు: "భౌతిక చలనము వలన పటమునకు హాని కలుగు అవకాశమున్నందున, ఈ సంవత్సరము అన్ని పోటీలను లిఖితరూపమున నిర్వహించుచున్నాము. జ్ఞానమే చలనము!"

మూడు కిలోమీటర్ల పరుగుకు గంట సమయం ఇచ్చారు. ప్రశ్న ఒక్కటే: 'మీరు మూడు కిలోమీటర్లు ఏ విధముగా పరుగెత్తెదరో వివరింపుము.' పన్నెండు అదనపు కాగితాలు తీసుకున్న ఒక పిల్ల మొదటి స్థానంలో నిలిచింది. మణికట్టు పట్టేసిందని ఆ పిల్లను స్ట్రెచరు మీద తీసుకెళ్లారు, అందరూ చప్పట్లు కొట్టారు. వన్నూరమ్మ ఒక్క వాక్యం రాసి పెన్ను మూసింది. 'గ్రౌండు చూపిస్తే ఉరికి చూపిస్తా.' పాల్గొన్నందుకు కానుగాకుల కిరీటం ఇచ్చారు. సీటు పోయింది. పది గంటలకల్లా క్రీడోత్సవం ముగిసింది, ఎవరికీ చెమట పట్టలేదు.

తిరుగు బస్సెక్కాం. మేడ మీద నోరు మూసుకున్న సంగతి చెబుదామని మూడుసార్లు ఆమె వైపు తిరిగాను. చివరికి మా ఊరి క్రాసు దగ్గర దిగాక చెప్పేశాను. "తప్పు నాదే వన్నూరమ్మా. ఆ రోజు అది ద్వీపం కాదని నేను చెప్పాల్సింది."

ఆ పిల్ల రోడ్డు వంక చూసింది. క్రాసు నుంచి మా బడికి సరిగ్గా మూడు కిలోమీటర్లు. ఆటో ఒకటి ఉంది గానీ, మనుషులు నిండితే గానీ కదలదు.

"ఈ రోడ్డు మీద ఏ దేశమూ గీయలేదు కదా మేడం" అంది. చెప్పులు విడిచి నా చేతికిచ్చింది. కిరీటం కూడా ఇచ్చింది.

పెన్నోబులేసుకు ఫోను చేసి ఒకే మాట చెప్పాను: "బయల్దేరింది."

ఆటో నిండేసరికి పావుగంట పట్టింది. నేను బడి గేటు దగ్గర దిగేసరికి మధ్యాహ్న భోజనం వరుసలో ఉన్న పిల్లలంతా కంచాలు పట్టుకుని గేటు దగ్గరే ఉన్నారు. పెన్నోబులేసు స్టాప్‌వాచీ నా ముఖం ముందు పెట్టాడు. పదకొండు నిమిషాల నలభై ఆరు సెకన్లు.

"రేపు ఈ పాపను క్రీడా పాఠశాలకు నేనే పిలుచుకొని పోతా," అన్నాడు. "ఆడ కోచ్ నాతో చదివినోడే. ఆయప్పకు పేపర్లు దిద్దడం రాదు. ఉరికితే చూస్తాడు, అంతే."

వన్నూరమ్మ వంటగది మెట్టు మీద రొప్పుతూ కూర్చుని ఉంది. సుంకమ్మ గరిటె వదిలేసి చెంబుతో నీళ్లు తెచ్చి, మెల్లగా తాగమని తల మీద చెయ్యి వేసింది. సగం చెంబు ఖాళీ చేసి ఆ పిల్ల నా వైపు చూసింది.

"మేడం, ఆ గ్రీకాయప్ప ఊర్లో సుంకమ్మవ్వ ల్యాకుండె. అంతే."